సున్నా తరగతి

ముంపు 27వ ఏడు, 201వ రోజు

గోదాం మెట్లు మొత్తం అరవై. సముద్రం ఇవాళ ఇరవై రెండో మెట్టు ఎక్కింది. వానాకాలం అయ్యేలోగా గోదాం ఖాళీ చెయ్యమని పైనుంచి మళ్ళీ కాగితం వచ్చింది. చెయ్యడానికి నాకేమైనా పది చేతులున్నాయా? మిగిలినవి ముంపు ఏడాది శిబిరంలో పోయినవాళ్ళ బూడిద కుండలు, నూట ముప్పై ఎనిమిది. ఉన్నది నేను, ముక్కలు కోసే మార్త, రేణువులు లెక్కపెట్టే యంత్రం. ఆ యంత్రాన్ని మేము మేధావి అంటాం. ఎండ లేకపోతే మేధావికి బుర్ర పనిచెయ్యదు.

పొద్దున్న సగం పూట మైక్రోస్కోపు మీద ఉప్పు తుడవడంతోనే సరిపోయింది. తాగే నీళ్ళతో తుడవాలి. మనిషికి రోజుకి ఆరు గ్లాసులు. అందులో ఒకటి దానికే పోతుంది.

ఈ వారంతో గోదాం ఆఖరి మూలలోకి వచ్చాం. ఇవాళ తొమ్మిది కుండలు చూశాం. మట్టిలో కలిపిన ఇంటి పెంకు పొడినిబట్టి ఆరింటికి ఊరు తెలిసింది. మూడు సున్నా తరగతి. అంటే ఎక్కడ కోసి చూసినా శిబిరం మట్టి తప్ప మరేమీ లేనివి. అలాంటివి ఎవరికివ్వాలో తేల్చే దారి లేదు. రూలు ప్రకారం బూడిదని పక్కన పారే గెడ్డ నీళ్ళలో కలిపేసి, కుండని కుమ్మరి షెడ్డుకి పంపిస్తాం. వాళ్ళు దాన్ని దంచి కొత్త నీళ్ళ కుండల మట్టిలో కలుపుకుంటారు. పేరున్నవాళ్ళ బూడిద కలిపేటప్పుడు మూడుసార్లు పేరు పిలవాలి. సున్నావాళ్ళకి ఆ తతంగం లేదు, పిలవడానికి పేరే లేదు కదా. ఆ మూడూ నేనే కలిపాను. గెడ్డ దగ్గర కాలు జారి చీర మోకాళ్ళదాకా తడిసింది. తిట్టుకుంటూ తిరిగి వచ్చాను.

ఒక్క సంగతి రాసిపెట్టుకోవాలి. ఆ మూడింట్లో 3,764 వింతగా ఉంది. ఏ కుండని కోసి చూసినా మట్టిలో గాలి గుల్లలు కనిపిస్తాయి. శిబిరం కుండలు హడావుడిగా చేసినవి కాబట్టి వాటిలో మరీ ఎక్కువ. దీన్లో ఒక్క గుల్ల కూడా లేదు. మేధావి రెండుసార్లు లెక్కపెట్టి రెండుసార్లూ లేదనే చెప్పింది. ఎవరో గంటల తరబడి పిసికి ఉండాలి. కలపడానికి చిటికెడు పెంకు దొరకలేదు గానీ పిసకడానికి అంత ఓపిక ఎక్కడిదో మహానుభావుడికి! దాని ముక్క అతికించిన గాజు పలకని కడిగెయ్యొద్దని, తీరిగ్గా చూపిస్తానని మార్తకి చెప్పాను.

204వ రోజు

నా తర్వాత ఈ పనికి ఎవరైనా వస్తే వాళ్ళకి అర్థం కావాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముంపు ఏడాది శిబిరంలో జ్వరాలు వచ్చి రోజుకి ఇరవై, ముప్పై మంది పోయేవారు. విడివిడిగా కాల్చడానికి కట్టెలు లేవు. అందరినీ ఒకచోట కాల్చి ఇంటికో గుప్పెడు బూడిద ఇచ్చేవారు. దాన్ని పెట్టుకోవడానికి ఒకటే మట్టితో ఒకటే అచ్చులో చేసిన కుండ. సున్నంతో పేర్లు రాసి, నీళ్ళు తీశాక తీసుకుపోవచ్చని ఈ గోదాంలో పెట్టారు. ఉప్పుగాలికి ఏడాది తిరగకుండానే అవి రాలిపోయాయి. కానీ మట్టి పిసికేటప్పుడు ఒక్కో ఇంటివాళ్ళు తమ ఇంటి కుండ పెంకు ఒకటి దంచి అందులో కలిపారు. పోయినవాళ్ళు తమ ఇంటిని గుర్తుపట్టి దారి తప్పకుండా ఉంటారని. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, వారం తిరిగేసరికి అందరూ అదే చేశారు. ఈ రోజున మాకున్న ఆధారం ఆ పెంకు పొడి ఒక్కటే. కుండ అంచున చిన్న ముక్క కోసి, గాజుకి అతికించి, వెలుగు ఇటునుంచి అటు పోయేంత పల్చగా అరగదీసి, మైక్రోస్కోపు కింద పెడతాం. ఒక్కో ఊరి కుండ మట్టిలో ఒక్కో రకం రాతి రేణువులు ఉంటాయి. వాటినిబట్టి ఊరు, ఊరునిబట్టి ఇల్లు.

నేను పంతొమ్మిదేళ్ళుగా వెతుకుతున్నది గార్నెట్. మా గవ్వలపాలెం తీరంలో ఎర్ర ఇసుక, మా కుమ్మర్లు అదే కలిపేవారు. మామూలు వెలుగులో లేత గులాబీ రంగు రేణువు. రెండో వడపోత అద్దం అడ్డం పెడితే చుట్టుపక్కల రేణువులన్నీ వెలుగుతాయి, గార్నెట్ మాత్రం నల్లగా ఉండిపోతుంది, ఎటు తిప్పినా వెలగదు. మా ఊరినుంచి ఈ శిబిరం చేరింది మేము ముగ్గురమే. నేను, మా ఆయన గురువులు, మా పాప లోవ. అదీ మా ఇంటి నీళ్ళ కుండతో. ఊరు మునిగిపోతుంటే పెట్టెలో బంగారం వదిలేసి నీళ్ళ కుండ భుజాన పెట్టుకొచ్చాడు మా ఆయన. దారి పొడుగునా తిట్టాను. ఆ నీళ్ళతోనే మూడు రోజులు బతికాం.

లోవకి అయిదేళ్ళు. అది పోయినప్పుడు నేను కొండకి అటుపక్క జ్వరాల పాకలో ఒళ్ళు తెలియకుండా ఉన్నాను. లేచి వచ్చేసరికి అంతా అయిపోయింది. కుండ చేతిలోంచి జారి పగిలిపోయిందని, దాని పెంకే పాప కుండలో కలిపానని గురువులు చెప్పాడు. చెప్పేటప్పుడు తెగిన చెవితమ్మె తడుముకుంటూ ఉన్నాడు. ఎప్పుడో గాలం తగిలి తెగింది అది. ఆయన పోయి పదకొండేళ్ళు. ఆ మాట పట్టుకునే నేనీ విద్య నేర్చుకున్నాను.

ఇవాళ సన్నిబాబు వచ్చాడు. వారం, పదిహేను రోజులకోసారి వస్తాడు. డెబ్బై దాటాయి. వంశధార సముద్రంలో కలిసే మొగలో మునిగిన ఊరు వాళ్ళది. శిబిరంలో పోయిన భార్య కోసం పదేళ్ళుగా తిరుగుతున్నాడు.

"ఏటి తల్లీ, మా ఇంటిది అవుపడిందా?"

"లేదు బాబాయ్. మీ ఏటి మట్టిలో అభ్రకం ఉంటుంది. అది ఉన్న పెంకు ఇంకా తగల్లేదు."

అభ్రకం మాట ఎత్తితే చాలు, తల దించేసుకుంటాడు. "తగల్దులే," అని గొణిగి, కాసేపు అరుగు మీద కూర్చుని వెళ్ళిపోయాడు.

209వ రోజు

దొరికింది.

3,791. మూడు పలకలు కోస్తే ఒకదాంట్లో ఒకే ఒక్క పెంకు రేణువు. అందులో ఒకే ఒక్క గార్నెట్. గులాబీ రంగు. అద్దం అడ్డం పెట్టాను, నల్లబడింది. పలక తిప్పాను, వెలగలేదు. ఇంకోసారి తిప్పాను. నేను తిప్పుతూనే ఉండటం చూసి మార్త వచ్చి కంటికద్దం దగ్గర వంగింది.

"ఇదేనా వదినా?"

"ఇదే."

మార్త నన్ను పట్టుకుని ఏడ్చింది. దానికి ఏడవడం సులువు. నాకు రాలేదు. కుండని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తేలిగ్గా ఉంది. లోవ ఎప్పుడూ తేలికే, ఎంత పెట్టినా ఒళ్ళు చేసేది కాదు. కింద మెట్లకి అలలు కొడుతుంటే, తల దువ్వించుకోకుండా పరిగెత్తేదానివి కదే, ఇప్పుడెక్కడికి పోతావని అడిగాను. మార్త దాచుకున్న బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది.

కుండ నాదని దరఖాస్తు పెట్టాను. పదిహేను రోజుల్లో ఇంకెవరూ రాకపోతే ఇంటికి తీసుకుపోవచ్చు. ఎవరొస్తారు?

212వ రోజు

3,803లో గార్నెట్. ఒకటి కాదు, నాలుగు పెంకు రేణువుల్లో ఆరు.

మార్త మీద విరుచుకుపడ్డాను. రంపం కడగకుండా కోసేవు, ఆ కుండ పొడి ఈ కుండకి అంటించేవు, ఇన్నేళ్ళొచ్చాయి దేనికి అని. అది నా ఎదురుగానే రంపం మూడుసార్లు కడిగి మళ్ళీ కోసింది. మళ్ళీ ఉన్నాయి. ఒట్టినే తిట్టినందుకు సిగ్గేసింది. సాయంత్రం చోడి అంబలిలో నా ఉల్లిపాయ కూడా దానికే ఇచ్చాను.

216వ రోజు

ఈ ఆఖరి మూలలో కుండలన్నిటికీ ఏదో తెగులు పట్టింది. 3,809. 3,811. 3,820. ఇవాళ్టితో గార్నెట్ ఉన్నవి ఎనిమిది. ఒక్కో ఇంటికి ఒక్కో కుండ. మా ఇంట్లో పోయింది ఒక్కత్తే.

తప్పు చేశాను, అదీ రాస్తాను. ఎనిమిదోదాని పలక మేధావికి చూపించకుండా కొంగున ముడేసుకున్నాను. ఇంకెన్ని దొరికితే నా 3,791 అంత అబద్ధం అవుతుంది. మార్త చూసింది. మధ్యాహ్నం దాకా ఊరుకుని, "వదినా, కొంగులో గాజు గుచ్చుకుంటుంది, ఇలా ఇయ్యి," అంది. ఇచ్చేశాను. అది పలకని తుడిచి మేధావి కింద పెట్టింది. ఇరవై రెండు రేణువులు.

219వ రోజు

మొత్తం పదకొండు. గార్నెట్ ఉన్న కుండల్ని పెంకు ఎక్కువున్న దాన్నుంచి తక్కువున్న దాకా వరస పెట్టమని మేధావిని అడిగాను. అన్నిటికన్నా మొదటి కుండలో నలభై ఒక్క రేణువులు. తర్వాత ముప్పై మూడు, ఇరవై తొమ్మిది, ఇరవై రెండు, పద్దెనిమిది, పద్నాలుగు. అలా తగ్గుతూ తగ్గుతూ చివర్న నాలుగు, మూడు, ఒకటి. ఒకటి ఉన్నది 3,791.

పది మందికి వడ్డిస్తూ పోతే గిన్నెలో అడుగంటుతున్నప్పుడు గరిటె ఇలాగే చిన్నదవుతుంది. ఎవరో ఒకే కుండని పంచుకుంటూ పోయారు. నాకు తెలిసిపోతోంది, కానీ తెలుసుకోవాలని లేదు.

221వ రోజు

సన్నిబాబు వచ్చాడు. ఎప్పటిలాగే అడిగాడు. ఈసారి నేను అభ్రకం సంగతి ఎత్తలేదు.

"బాబాయ్, మీ ఇంటావిడ కుండలో కలిపింది మీ ఇంటి పెంకేనా?"

ముసలాయన మొహం చూస్తే జాలేసింది. దొంగతనం బయటపడినట్టు అయిపోయాడు. గోటితో అరుగు గీకుతూ చెప్పాడు.

"కాదు తల్లీ. మేమేటి తెచ్చుకున్నాం? కట్టుబట్టల్తో ఒచ్చినాం. ఇంటి పెంకు నేకండా పంపితే అదెక్కడికి పోద్ది? మా లైన్లో ఒకాయనుండేవోడు. నీల్లకుండ మోసుకొచ్చినాడు. ఎవులింట్లో మనిసి పోయినా ఆ కుండే కొట్టి ముక్కిచ్చేవోడు. నాకిచ్చింది ఆకరి ముక్క. గోరంత."

"ఎవరాయన?"

"గురువులు. ఎర్రిసక ఊరోడు. చెవితమ్మి తెగుంటాది."

మార్త చేతిలో రంపం ఆపేసింది.

"ఆఖరి ముక్క మీకిచ్చేస్తే, మరి వాళ్ళింటికి?" అని అడిగాను.

"నానూ అదే అడిగినాను. నీకుంచుకోవా అన్నాను. నవ్వినాడు. మాకింకెందుకు బావా, మా ఆడది కోలుకుంటంది, పిల్ల సుబ్బరంగా ఆడుకుంటంది అన్నాడు. నాలుగు దినాలకి నా కుండ కాలిందో నేదో సూద్దామని ఆవం కాడికెల్లినాను. అక్కడ కూకుని మట్టి పిసుకుతున్నాడు. పిల్ల పోనాదంట. పొద్దుటేల కూకున్నోడు పొద్దోయే దాకా పిసుకుతానే ఉన్నాడు. సాల్రా, ఆ మట్టిలో ఇంకేటుందని పిసుకుతావని కుమ్మరి కసిరినాడు. కలపడానికేటీ నేదు, పిసకనీ అన్నాడు. ఆ వారమే మమ్మల్ని కొండకి అటేపు మార్చినారు, మల్లీ ఆయన్ని సూడనేదు."

కింద అల వచ్చి మెట్టుకి కొట్టుకుంది.

"ఆయన ఈ దాలమ్మ వదిన మొగుడు బాబాయ్," అంది మార్త.

సన్నిబాబు లేచి నిలబడ్డాడు. నేను లోపలికి వెళ్ళి 3,791 తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. గోరంత ముక్క అంటే ఒక్క రేణువు. ఇంకెవరిదీ కాదు.

"ఒద్దు తల్లీ. నువ్వుంచుకో. నీ పెంకే కదా."

"మనిషి మీ మనిషి బాబాయ్."

"ఇరవయ్యేడేళ్ళు ఇదే దిగులు తల్లీ. పరాయి ఇంటి పెంకుతో పంపినాను. ఎవులింటికి పోయి ఎవుల గుమ్మంలో కూకున్నాదో అని. అందుకే నీకు సెప్పనేకపోయినాను."

"మా ఇంటికే వచ్చి ఉంటుంది. మా ఇంట్లో నీళ్ళు ఎప్పుడూ ఉండేవి," అన్నాను.

కుండని పంచెలో చుట్టుకుని, భార్య పేరు మూడుసార్లు పిలుచుకుంటూ కొండ దారి పట్టాడు. పన్నెండు రోజులు అది నా బిడ్డ. పేరు పెట్టి పిలిచాను, ఊసులు చెప్పాను. ఆ ఊసులన్నీ ఆవిడ ఎవరో వింది.

222వ రోజు

లాగ్ వెనక్కి తిప్పి 201వ రోజు చదివాను. చదవకముందే తెలుసు.

3,764. పెంకు సున్నా. గుల్లలు సున్నా.

మహానుభావుడు అని వెటకారం చేశాను. చీర తడిసిందని తిట్టుకున్నాను. నా చేత్తో నా బిడ్డ బూడిదని, పేరు పిలవకుండా, గెడ్డలో కుమ్మరించి వచ్చాను. పంతొమ్మిదేళ్ళలో నేను సంతకం పెట్టి పంపిన సున్నా కుండలు ఆరువందలు దాటాయి. ఒక్కటీ రెండోసారి చూడలేదు. గార్నెట్ లేదంటే మనది కాదని పక్కన పెట్టేదాన్ని. సున్నాలంటే నాకు సంతోషంగా కూడా ఉండేది, పని తొందరగా తెములుతుందని.

కుమ్మరి షెడ్డుకి పరిగెత్తాను. ఆ కుండ దంచి పది రోజులైందట. ఆ మట్టితో నలభై నీళ్ళ కుండలు కాల్చి ఇంటింటికీ ఇచ్చేశారు. ఏ ఇళ్ళకో రాసుకోలేదు. ఎందుకు రాసుకుంటారు?

తిరిగొస్తూ దారంతా గురువులుని తిట్టాను. పదహారేళ్ళు పక్కన పడుకున్నావు, ఒక్కసారి చెప్పలేకపోయావా? మన కుండ అందరికీ ఇచ్చేశాను, పాపకి మిగల్లేదు అని చెబితే నేనేం చేసేదాన్ని? కొట్టేదాన్ని. నెల రోజులు మాట్లాడేదాన్ని కాదు. ఆ తర్వాత పెంకు లేని కుండనే వెతుక్కునేదాన్ని కదా. నేను ఏడుస్తానని ఒక అబద్ధం చెప్పావు. ఆ అబద్ధం పట్టుకుని మైక్రోస్కోపులో కళ్ళు పోగొట్టుకున్నాను. నువ్వు కలిపింది ఏమిటో తెలుసా? ఏమీ లేదు. అదే గుర్తు. ఎదురుగా వచ్చి కూర్చుంటే వింతగా ఉందని రాసుకున్నాను.

గోదాంకి వచ్చేసరికి మార్త గాజు పలకలన్నీ నేలమీద పరిచి వెతుకుతోంది. సున్నా పలకలు ప్రతి వారం కడిగేస్తాం, గాజు దొరకదు కాబట్టి. ఆ వారానివీ కడిగేసింది. కానీ 3,764 పలక విడిగా గుడ్డలో చుట్టి ఉంది. కడగొద్దన్నావు కదా వదినా అంది.

మైక్రోస్కోపు కింద పెట్టాను. మట్టి. శిబిరం మట్టి, సన్నగా, ఒద్దికగా, అటుచివర నుంచి ఇటుచివర దాకా ఒకేలా. ఎక్కడా గుల్ల లేదు. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా పిసికిన మట్టి. ఆయన వేళ్ళు ఎటు నొక్కాయో ఆ దిక్కుకి రేణువులన్నీ ఒరిగి ఉన్నాయి. రెండో అద్దం అడ్డం పెట్టాను. వెలిగేవి వెలిగాయి. నల్లగా ఉండిపోయింది ఒక్కటీ లేదు. అప్పుడు ఏడుపొచ్చింది. కంటికద్దం తడిసింది, మార్త తాగే నీళ్ళతో తుడిచింది, మళ్ళీ తడిసింది.

పలకని నాతో తీసుకుపోతున్నానని రిజిస్టర్లో రాశాను. వెంట్రుక మందం కూడా లేదు. అంతే మిగిలింది.

224వ రోజు

సముద్రం ఇరవై అయిదో మెట్టు ఎక్కింది. మిగిలినవి ఇరవై ఆరు కుండలు. ఇవాళ పదకొండు చూశాం. అయిదు సున్నా తరగతి.

షెడ్డువాళ్ళు తట్టలు పట్టుకొచ్చారు. కుండల్ని పంపించాను, దంచుకోనీ, నీళ్ళ కుండలకి పనికొస్తాయి. బూడిద మేమిద్దరం గెడ్డకి తీసుకెళ్ళాం. మొదటి కుండ వంచబోతుంటే మార్త చెయ్యి పట్టుకుని ఆపాను. ఇకమీదట సున్నావాళ్ళకి కూడా మూడుసార్లు పేరు పిలిచి కలపాలన్నాను.

"పేరు తెలీదు కదా వదినా. ఏమని పిలుస్తాం?"

సున్నావాళ్ళలో నాకు తెలిసిన పేరు ఒకటే అన్నాను. అయిదుగురినీ అదే పేరుతో పిలిచాం.